మడవ దగ్గర కాడ్మియం: జింజూ నది వరి మడుల్లో మట్టి ఒక లోహాన్ని పట్టిన తీరు, వదిలిన తీరు

జపాన్‌లోని తోయామా మైదానంలో జింజూ నది నీటితో పండే వరి మడుల మట్టిని పరీక్షించినప్పుడు తేలిన విషయాల్లో, వృత్తిరీత్యా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒకటుంది. కాలువ నీరు మడిలోకి దిగే మడవ దగ్గర మట్టిలో కాడ్మియం ఎక్కువగా ఉండేది, అవతలి గట్టు వైపు వెళ్ళేకొద్దీ తగ్గిపోయేది. మడి ఒక్కటే, నీరు ఒక్కటే, సేద్యం చేసిన చేయి కూడా ఒక్కటే. అయినా నాలుగడుగులు వేస్తే అంకె మారిపోయేది. నీటితో పాటు వచ్చిన లోహాన్ని మట్టి ఎదురైన చోటే పట్టేసుకుందనడానికి ఇంతకంటె తేలికైన సాక్ష్యం ఉండదు. అంత గట్టిగా పట్టుకున్న మట్టి మళ్ళీ ఆ లోహాన్ని వరి వేరుకు ఎలా అప్పగించిందన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న.

మట్టి నమూనాలను విశ్లేషించడం నా పని. నమూనా తెచ్చినవారు సాధారణంగా అడిగేది "ఇందులో మొత్తం ఎంత ఉంది?" అని. ఆ ప్రశ్నకు యంత్రం జవాబు చెబుతుంది, కానీ ఆ జవాబుతో పంట గురించి చెప్పగలిగేది చాలా తక్కువ. జింజూ మడుల కథను నేను పదేపదే తిరగేయడానికి కారణం అదే. అక్కడి మట్టిలో కాడ్మియం కిలోకు కొన్ని మిల్లీగ్రాములకు మించినది కాదు. కాలుష్యం లేని నేలల్లో ఇది మామూలుగా 0.1 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది కనుక పెరుగుదల ఉన్నమాట నిజమే. అయితే ఇంకో లోహం విషయంలో అంత కొద్ది మొత్తాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఆ కొద్ది మొత్తమే సుమారు 200 మందిని అధికారికంగా గుర్తింపు పొందిన రోగులుగా మార్చింది. వారిలో ఎక్కువ మంది నడివయసు దాటిన స్త్రీలు. మూత్రపిండాల నాళికలు దెబ్బతిని, ఎముకలు మెత్తబడి, కదిలితే విరిగే స్థితికి వచ్చాయి. 'ఇతాయ్' అంటే జపనీస్‌లో 'నొప్పి' అని. రోగుల మూలుగే జబ్బుకు పేరయింది: ఇతాయ్-ఇతాయ్.

గని నుంచి మడి దాకా

జింజూకు ఉపనది తకహారా. దాని ఒడ్డున, గిఫు ప్రిఫెక్చర్‌లో, కమియోకా గని ఉంది. జింక్, సీసం తవ్విన ఈ గనిని నడిపినది మిత్సుయ్ సంస్థ. 2001లో తవ్వకం ఆగింది. (న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలను పట్టే భారీ నీటి తొట్టి ఉన్నది కూడా ఈ కొండ కిందే. భౌతికశాస్త్రజ్ఞులకు కమియోకా ఒక తీర్థం, మట్టి శాస్త్రజ్ఞులకు ఒక హెచ్చరిక.) స్థానిక వైద్యుడు నొబొరు హగినో, ఒకాయామా విశ్వవిద్యాలయానికి చెందిన జున్ కొబయాషి తదితరులు 1960ల తొలినాళ్ళలో వేలు కాడ్మియం వైపు చూపారు. 1968 మే నెలలో జపాన్ ప్రభుత్వం ఇతాయ్-ఇతాయ్‌ను కాలుష్యం వల్ల కలిగిన వ్యాధిగా అంగీకరించింది. అదే ఏడాది బాధితులు వేసిన దావాలో 1971లో జిల్లా న్యాయస్థానం, 1972లో పై న్యాయస్థానం వారి పక్షానే తీర్పు చెప్పాయి. న్యాయ చరిత్ర ఇంతవరకు చాలు, మనం మట్టిలోకి దిగుదాం.

జింక్ ముడి ఖనిజమైన స్ఫాలరైట్ అంటే జింక్ సల్ఫైడ్. దాని స్ఫటికంలో అక్కడక్కడ జింక్ ఉండవలసిన గదిలో కాడ్మియం కూర్చుని ఉంటుంది. రెండూ ఒకే కుటుంబపు మూలకాలు కనుక స్ఫటికం ఆ మార్పును భరిస్తుంది. నూరిన ఖనిజాన్ని నీటిలో నురగతో తేల్చి వేరుచేసే ఫ్లోటేషన్ పద్ధతి వచ్చాక ఖనిజాన్ని పిండిలా నూరడం మొదలైంది. ఆ పిండిలో వేరుపడకుండా మిగిలిన భాగం వ్యర్థంతో పాటు ఏటిలో కలిసింది. అంటే మడికి చేరిన కాడ్మియంలో చాలా భాగం నీటిలో కరిగి రాలేదు, సన్నని రేణువుల రూపంలో తేలుతూ వచ్చింది. కాలువలో పరుగెత్తిన నీరు మడిలో నెమ్మదించగానే ఆ రేణువులు అడుగుకు దిగాయి. మడవ దగ్గర అంకె పెరగడానికి మొదటి కారణం ఇదే, ఇందులో రసాయనశాస్త్రం ఏమీ లేదు, బరువు మాత్రమే ఉంది. కరిగి వచ్చిన కొద్ది భాగం ఎదురైన మొదటి బంకమట్టికీ, ఐరన్ ఆక్సైడ్‌కూ అంటుకుపోవడం రెండో కారణం.

రేణువుగా ఉన్నంత కాలం ఆ లోహం స్ఫటికంలో బందీ. కానీ వరి మడి ఏడాది పొడుగునా నీటిలో ఉండదు. నీరు తీశాక గాలి తగిలితే సల్ఫైడ్ నెమ్మదిగా ఆక్సీకరణం చెంది, జింక్, కాడ్మియం అయాన్లుగా విడిపోతాయి, దాంతో పాటు కొంత ఆమ్లం కూడా పుడుతుంది. స్ఫటికం చేజార్చిన దాన్ని ఇక మట్టి ఖనిజాల ఉపరితలాలే పట్టుకోవాలి.

ఉపరితలం పట్టుకోవడమంటే

మట్టి రేణువు లోహాన్ని పట్టే తీరు ఒకటి కాదు. తేడా తెలియకుండా 'బంకమట్టి లోహాన్ని పీల్చుకుంటుంది' అని ఒక్క ముక్కలో తేల్చేసే నివేదికలను నేను చాలా చూశాను.

మొదటిది విద్యుదావేశపు పట్టు. బంక ఖనిజాల పలకల్లో సిలికాన్ స్థానంలో అల్యూమినియం, అల్యూమినియం స్థానంలో మెగ్నీషియం చేరినప్పుడు పలకకు శాశ్వతమైన ఋణావేశం మిగులుతుంది. మన నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిలొనైట్‌కు ఈ గుణం మెండు, ఎర్రనేలల కయోలినైట్‌కు తక్కువ. ఈ పట్టులో కాడ్మియం అయాన్ తన చుట్టూ ఉన్న ఆరు నీటి అణువులను విడిచిపెట్టదు. ఆ నీటి తొడుగుతోనే పలక పక్కన నిలబడుతుంది. అలా నిలబడిన దాన్ని కాల్షియం తేలికగా నెట్టివేయగలదు. రెండింటి ఆవేశమూ ఒకటే, పరిమాణం కూడా దాదాపు ఒకటే. కాడ్మియం అయాన్ వ్యాసార్ధం 0.95 ఆంగ్‌స్ట్రామ్‌లయితే కాల్షియంది 1.00. సాగునేలలోని నీటిలో కాల్షియం కాడ్మియం కంటె వేల రెట్లు అధికంగా ఉంటుంది కనుక ఈ పోటీలో కాడ్మియం ఓడిపోవడం మామూలే.

రెండోది ఐరన్, మాంగనీస్ ఆక్సైడ్ల ఉపరితలం మీద ఏర్పడే నేరు బంధం. గోథైట్, ఫెర్రిహైడ్రైట్ వంటి ఐరన్ ఆక్సైడ్ల అంచున హైడ్రాక్సిల్ సమూహాలు వరుసగా ఉంటాయి. లోహ అయాన్ తన నీటి తొడుగులో కొంత విడిచి, ఆ ఆక్సిజన్‌తో నేరుగా బంధం కడుతుంది, అక్కడున్న ప్రోటాన్ బయటికి పోతుంది. ఇది కేవలం ఆవేశాల ఆకర్షణ కాదనడానికి మంచి నిదర్శనం ఉంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం) సుమారు 8 కంటె తక్కువగా ఉన్నప్పుడు ఐరన్ ఆక్సైడ్ ఉపరితలం మొత్తం మీద ధనావేశంతో ఉంటుంది. లోహ అయాన్‌ది కూడా ధనావేశమే. వికర్షించవలసిన చోట సీసం పీహెచ్ 5 దగ్గరే వచ్చి గట్టిగా అతుక్కుంటుంది. ఫెర్రిహైడ్రైట్ గ్రాముకు కొన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం ఇవ్వగలదు కనుక, మట్టిలో దాని వాటా కొద్దిదే అయినా లోహాలను పట్టడంలో దాని పాత్ర చాలా పెద్దది.

ప్రోటాన్ బయటికి పోవాలన్న షరతే అన్నింటికీ మూలం. నీటిలో ప్రోటాన్లు ఎక్కువగా ఉంటే, అంటే మట్టి ఆమ్లంగా ఉంటే, బంధం ఏర్పడడం కష్టమవుతుంది. పీహెచ్‌ను మెల్లగా పెంచుతూ పోతే ఒక దశలో అధిశోషణం, అంటే ఉపరితలానికి అంటుకోవడం, ఒక్కసారిగా లేస్తుంది. రెండు పీహెచ్ యూనిట్ల లోపే దాదాపు ఏమీ అంటుకోని స్థితి నుంచి దాదాపు మొత్తం అంటుకునే స్థితికి చేరుతుంది. ఈ నిటారైన వాలు ఏ లోహానికి ఎక్కడ వస్తుందన్నది, ఆ లోహం నీటిని ఎంత తేలికగా చీల్చి హైడ్రాక్సైడ్ కట్టుకోగలదన్న దానితో ముడిపడి ఉంది. సీసం, రాగి ఆ పనిలో చురుకైనవి కనుక వాటి వాలు పీహెచ్ 4 నుంచి 6 మధ్యనే వచ్చేస్తుంది. తరువాత జింక్. అన్నింటికంటె వెనక కాడ్మియం, దాని వాలు సుమారు 6 నుంచి 8 మధ్య పడుతుంది.

ఇప్పుడు జింజూ మడులకు తిరిగి వద్దాం. జపాన్ వరి నేలలు నీరు లేనప్పుడు సాధారణంగా పీహెచ్ 5.5 నుంచి 6 చుట్టూ ఉంటాయి, నీరు నిలిపి ఉంచితే 6.5 నుంచి 7 వైపు జరుగుతాయి. సీసానికి ఈ జరుగుడు పట్టదు, దాని వాలు ఎప్పుడో దాటిపోయింది. కాడ్మియానికి మాత్రం మడి పీహెచ్ ఊగే మేర సరిగ్గా దాని వాలు మొదలయ్యే మేరే. కమియోకా ఖనిజంలో సీసమూ ఉంది, జింక్ అయితే కాడ్మియం కంటె ఎన్నో రెట్లు ఉంది. అయినా గింజలోకి చేరి మనుషులను పడగొట్టింది మట్టి అంతంతమాత్రంగా పట్టుకోగలిగిన లోహమే.

నీరు పెట్టినప్పుడు, నీరు తీసినప్పుడు

మడిలో నీరు నిలిచిన కొద్ది రోజుల్లోనే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తరువాత నైట్రేట్, మాంగనీస్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్, చివరికి సల్ఫేట్ వరుసగా ఆక్సిజన్‌కు బదులు వాటి శ్వాసకు పనికొస్తాయి. ఈ వరుసలో ఐరన్ ఆక్సైడ్ కరిగిపోవడం చూస్తే, దాని మీద కూర్చున్న కాడ్మియం కూడా నీటిలో పడాలి కదా అనిపిస్తుంది. జరిగేది అది కాదు. ఆ క్రియలన్నీ ప్రోటాన్లను మింగుతాయి కనుక పీహెచ్ పెరిగి, మిగిలిన ఉపరితలాలు కాడ్మియాన్ని మరింత గట్టిగా పట్టుకుంటాయి. సల్ఫేట్ వంతు వచ్చేసరికి పుట్టిన సల్ఫైడ్ కాడ్మియంతో కలిసి, నీటిలో దాదాపు కరగని కాడ్మియం సల్ఫైడ్‌గా మారుతుంది. నీళ్ళున్న మడి కాడ్మియానికి మంచి చెరసాల.

చిక్కు నీరు తీసినప్పుడు వస్తుంది. పిలకలు తొడిగే దశ చివర మడిని కొన్నాళ్ళు ఆరబెట్టడం జపాన్ రైతులకు పాత అలవాటు. కోతకు ముందు నీరు తీయడం ఎక్కడైనా ఉన్నదే. గాలి తగలగానే సల్ఫైడ్ ఆక్సీకరణం చెంది కాడ్మియం అయాన్ విడుదలవుతుంది, పీహెచ్ పడిపోతుంది. అదే సమయంలో కరిగి ఉన్న ఇనుము మళ్ళీ తుప్పు రంగులో పేరుకుని కొత్త ఫెర్రిహైడ్రైట్ పుట్టిస్తుంది. అంత విశాలమైన కొత్త ఉపరితలం పక్కనే ఉండగా కాడ్మియం ఎందుకు నీటిలో మిగులుతుందని మొదట్లో నాకు అంతుపట్టలేదు. జవాబు మళ్ళీ ఆ వాలులోనే ఉంది. ఉపరితలం పుట్టింది నిజమే, కానీ పీహెచ్ 5.5 దగ్గర ఆ ఉపరితలం కాడ్మియానికి తలుపు తెరవదు. తెరిచిన కొద్ది చోట్లలోనూ, కాడ్మియంతో పాటే విడుదలైన జింక్ ఎన్నో రెట్ల సంఖ్యతో ముందుగా కూర్చుంటుంది.

వరి ఈనే వేళ నుంచి గింజ పాలు పోసుకునే వేళ దాకా ఇలా ఆరిన మట్టి నుంచి వేరు లాక్కున్న కాడ్మియం నేరుగా గింజ దారి పడుతుంది. వేరులో దాన్ని లోపలికి పంపేది మాంగనీస్ కోసం ఉన్న ద్వారమే. నీరు నిలిచిన మడిలో ఆ ద్వారం ముందు మాంగనీస్ బారులు తీరి ఉంటుంది. ఆరిన మడిలో మాంగనీస్ మళ్ళీ ఆక్సైడ్‌గా గడ్డకట్టి తప్పుకోవడంతో కాడ్మియానికి దారి ఖాళీ అవుతుంది.

పరీక్ష చేసేవాడి తప్పు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో, నీరు నిలిచిన మడుల నుంచి వచ్చిన మట్టిని అలవాటు ప్రకారం ట్రేలలో పరిచి, నీడలో ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, ఆ తరువాతే లవణ ద్రావణంతో కాడ్మియాన్ని తీసి కొలిచాను. అంకెలు ఎక్కువగా వచ్చాయి. అదే మడి నుంచి గాలి చొరకుండా మూసి తెచ్చిన తడి నమూనాలో దాదాపు ఏమీ లేదు. ఆ తేడా చూసి తడి నమూనానే తప్పనుకుని పక్కన పెట్టాను. నిజానికి మడిలో మూడు వారాల్లో జరిగే ఆరుదలను నేను ట్రేలో నాలుగు రోజుల్లో జరిపించాను. రెండు అంకెలూ నిజమే. ఒకటి నీళ్ళున్న మడిది, రెండోది కోతకు సిద్ధమైన మడిది. దేనిని అడుగుతున్నామో తెలియకపోవడమే నా తప్పు.

జపాన్ చట్టకర్తలు ఈ చిక్కును ముందే పసిగట్టారనిపిస్తుంది. 1970 చివర్లో వచ్చిన వ్యవసాయ భూముల కాలుష్య నివారణ చట్టం కింద వరి మడిని కాలుష్య ప్రాంతంగా గుర్తించడానికి పెట్టుకున్న గీటురాయి మట్టిలోని కాడ్మియం కాదు, అక్కడ పండిన ముడి బియ్యంలోని కాడ్మియం. కిలోకు 1 మిల్లీగ్రామ్‌కు చేరితే ఆ భూమి లెక్కలోకి వచ్చేది. 2011లో బియ్యపు పరిమితిని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణానికి సరిపోయేలా 0.4కు తగ్గించారు. మట్టి సర్వేలో వాడింది 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది ఉపరితలాల మీద అంటుకున్న భాగాన్ని చాలావరకు రాబట్టగలదు కానీ, ఆ భాగంలో ఎంత పంటకు అందుతుందో చెప్పలేదు. మొక్కనే పరికరంగా వాడుకోవడం ప్రయోగశాల మనిషిగా నాకు కొంచెం చిన్నతనంగా ఉన్నా, ఈ కేసులో అదే సరైన నిర్ణయమని ఒప్పుకోక తప్పదు.

పట్టును పెంచకుండా మట్టినే పాతిపెట్టడం

సున్నం వేసి పీహెచ్ పెంచడం, ఫాస్ఫేట్, సిలికేట్ ఎరువులతో ఉపరితలాలకు బలం చేకూర్చడం చవకైన మార్గాలు. సీసం విషయంలో ఫాస్ఫేట్ బాగా పనిచేస్తుంది, పైరోమార్ఫైట్ అనే కరగని ఖనిజం పుడుతుంది. కాడ్మియానికి అంతటి నమ్మకమైన జోడీ లేదు. సున్నం పీహెచ్‌తో పాటు కాల్షియాన్ని కూడా పెంచి, ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కుంటుంది. పైగా దాని ప్రభావం కొన్ని పంటలకే పరిమితం, మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉండాలి. తరతరాలుగా వరి పండించే నేలలో, ప్రతి ఏటా ఆరి తడిసే మట్టిలో, అటువంటి పట్టు మీద భరోసా ఉంచలేం.

తోయామాలో ఎంచుకున్న పద్ధతి ఖర్చుతో కూడినదే అయినా సూటిగా ఉంది. కలుషితమైన పైమట్టిని తీసి, లోతుగా తవ్విన కందకాల్లో పాతిపెట్టి, దాని మీద అడుగున దొరికిన గులకమట్టిని పరచి గట్టిగా దిమ్మిస కొట్టి, ఆ గట్టి పొర మీద కొండ ప్రాంతాల నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టిని నాగలి లోతుకు పోశారు. కొన్ని చోట్ల పాత మట్టిని కదపకుండానే పైన కొత్త మట్టి పోశారు. వేరుకూ లోహానికీ మధ్య గోడ కట్టడమే దీని ఉద్దేశం. 1979లో మొదలైన పని 2012లో ముగిసింది. 33 ఏళ్ళలో సుమారు 860 హెక్టార్లకు, దాదాపు 4,070 కోట్ల యెన్లు ఖర్చయింది. కొండమట్టిలో సేంద్రియ పదార్థం, పోషకాలు తక్కువ కనుక రైతులు దాన్ని మళ్ళీ వరి నేలగా తీర్చిదిద్దుకోవలసి వచ్చింది. ఆ శ్రమ లెక్కల్లో సరిగా కనబడదు.

పాతిపెట్టిన మట్టిలో కాడ్మియం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ గట్టి పొర చెదరనంత కాలం వరికి భయం లేదు. లోతుగా దున్నినా, పునాదులు తవ్వినా, లోతు వేళ్ళున్న తోటలకు మారినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ భూముల పటాలు భద్రంగా ఉండడం, ఉపరితల రసాయనం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

మరోవైపు జపాన్ పరిశోధకులు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో మడి మట్టిని కడిగే పద్ధతిని తయారుచేశారు. పైన చెప్పిన పట్టును తిరగదిప్పిన పద్ధతి ఇది. ఇనుము నీటితో చర్య జరిపి పీహెచ్‌ను దించుతుంది, అధిశోషణపు వాలు మీద నుంచి కాడ్మియం జారుతుంది. జారిన దాన్ని క్లోరైడ్ చుట్టుకుని మళ్ళీ అంటుకోకుండా ఆపుతుంది. ఉప్పు నేలల్లో కాడ్మియం ఎక్కువగా కదలడానికి కూడా ఈ క్లోరైడే కారణం. మన తీర ప్రాంతపు చౌడు నేలల్లో నమూనా చూసేటప్పుడు ఈ సంగతి మరువకూడదు.

నీటితోనే అదుపు చేసే దారి కూడా ఉంది. వెన్ను పైకి వచ్చే వేళకు మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తరువాత దాకా మడిలో నీరు నిలిపి ఉంచితే గింజలో కాడ్మియం బాగా తగ్గుతుందని జపాన్ వ్యవసాయ శాఖ రైతులకు చెబుతూ వచ్చింది. దీనికో చెల్లింపు ఉంది. ఐరన్ ఆక్సైడ్ కరిగినప్పుడు దాని మీద ఉన్న ఆర్సెనిక్ నీటిలో పడి గింజకు చేరుతుంది. ఒకే ఉపరితలం, ఒకే నీరు, రెండు మూలకాలకు రెండు తీర్పులు. అందుకే మాంగనీస్ ద్వారం పనిచేయని 'కొషిహికారి కాన్ నం.1' అనే వరి వంగడాన్ని అయాన్ పుంజపు ఉత్పరివర్తనంతో రూపొందించి, సమస్యను మట్టి నుంచి వేరుకు బదిలీ చేశారు.

తెలుగు నేల మీద నీటి పొదుపు కోసం ప్రచారం చేస్తున్న ఆరుతడి వరికి ఈ కేసుతో సంబంధం ఇక్కడే. మీథేన్‌నూ ఆర్సెనిక్‌నూ తగ్గించడానికి ఆరుతడి మంచిదే. నల్లరేగడి వంటి సున్నం ఉన్న, పీహెచ్ 8 చుట్టూ ఉండే నేలలో కాడ్మియం గురించి నేను పెద్దగా కంగారుపడను. పరిశ్రమల వ్యర్థజలం పారిన ఆమ్ల గుణం గల ఎర్రనేలలో మాత్రం, ఆరుతడి సలహా ఇచ్చే ముందు మట్టినీ, పండిన బియ్యాన్నీ కలిపి చూడమంటాను.

అటువంటి పొలం నుంచి నమూనా తెస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే ఇప్పుడు నేను చెప్పేది ఇది: మడవ దగ్గరిదీ, మడి నడిమిదీ, చివరి గట్టు పక్కదీ కలపకుండా మూడు సంచుల్లో తీయండి, నీళ్ళుంటే నీళ్ళతోనే, గాలి లేకుండా బిగించి, ఆరబెట్టకుండా ఆ రోజే పంపండి, నీరు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో చీటీ మీద రాసి సంచికి కట్టండి, కోత అయ్యాక అదే మూడు చోట్ల గింజలు గుప్పెడేసి తీసి పెట్టండి.